యూనిఫారంలో గవర్నరుగిరీ

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. అజిత్‌సింగ్‌నగర్ ప్రాంతంలో జనం మేడల మీదికెక్కి మంచినీళ్ళ కోసం, పసిపిల్లల పాల కోసం ఎదురుచూశారు. అప్పుడు నౌకాదళంవారి హెలికాప్టర్లు వచ్చి ఆహారపు పొట్లాలు జారవిడిచాయి. వరద తీసిన తరవాత కూడా వూళ్ళో చాలా రోజులు ఆ హెలికాప్టర్ల మాటే చెప్పుకున్నారు. అందులో వింత లేదు. ఆకలి వేళ అన్నం అందించినవాణ్ణి మరిచిపోవటం మన డెల్టావాళ్ళకు చేతకాదు.

అయితే ఆ కృతజ్ఞతలోంచి మరో మాట కూడా పుట్టింది. నాకు వరసకు బాబాయి అయ్యే పెద్దమనిషి ఒకాయన, జీవితమంతా సర్కారు నౌకరీ చేసి పెన్షను తీసుకుంటున్నవాడు, నాతో అన్నాడు: "చూశావుట్రా ఆ నేవీవాళ్ళని? మీటింగులు లేవు, అర్జీలు లేవు, అనుకున్న టైముకి పని అయిపోయింది. ఈ రాష్ట్రాన్ని ఓ అయిదేళ్ళు అట్లాంటివాడి చేతిలో పెట్టి చూడండి. ఒక్కొక్కడి తిక్క కుదురుతుంది."

ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. పెళ్ళిపందిళ్ళలో, రైలుపెట్టెల్లో, బందరురోడ్డు హోటళ్ళలో ఎన్నోసార్లు విన్నాను. మిలిటరీ రూలు రావాలి అంటారు. ఈ మాట ఎవరు అంటారో కూడా గమనిస్తూ వచ్చాను. కాలవ శివారున రెండెకరాలు కౌలుకు చేసుకునేవాడు అనగా నేను వినలేదు. రిక్షా తొక్కేవాడు అనగా వినలేదు. ఎక్కువగా పెన్షనుదారులూ, కంట్రాక్టర్లూ, కొడుకులు విదేశాల్లో వున్న మోతుబరులూ అంటారు. ఆ మాట అనే ప్రతివాడి వూహలోనూ తిక్క కుదరవలసినవాడు ఎప్పుడూ మరొకడే. తాను మాత్రం పక్కన నిలబడి చూస్తూ వుంటాడు.

నా బాబాయి కోరిన కోరిక లోకంలో ఎక్కడా తీరనిది కాదు. నౌకాధికారి చేతిలో ఒక రాష్ట్రాన్ని పెట్టి చూసిన దేశం వుంది. అదికూడా అయిదేళ్ళు కాదు, ఎనిమిదేళ్ళు. పైగా అది కూడా మనలాగే డెల్టా. అందుచేత ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవటం అవసరం.

పశ్చిమాఫ్రికాలో నైజీరియా 1966లో రెండు సైనిక కుట్రలు చూసింది. 1967 మే నెలాఖరులో సైనికపాలకుడు గోవన్ దేశాన్ని పన్నెండు రాష్ట్రాలుగా విడగొట్టి, దాదాపు అన్నిటికీ సైనిక గవర్నర్లను నియమించాడు. నైజరు నది సముద్రంలో కలిసేచోట, వందల పాయలుగా చీలిన బాడవనేలలో, రివర్స్ రాష్ట్రం అని ఒకటి ఏర్పడింది. ఆ నేలకింద నూనె వుంది. ఆ రాష్ట్రానికి గవర్నరుగా వచ్చినవాడు ఆల్ఫ్రెడ్ డీటె-స్పిఫ్ అనే నౌకాదళ అధికారి. అప్పటికి అతనికి పాతికేళ్ళు నిండలేదు. బయాఫ్రా యుద్ధం మొదలవటంతో అతని రాజధాని పోర్ట్ హార్‌కోర్ట్ శత్రువుల చేతిలోనే వుండిపోయింది. మరుసటి ఏడు మే నెలలోగాని కేంద్రసైన్యం దాన్ని పట్టుకోలేదు. యుద్ధంలో పాడుపడిన పట్నాన్ని మళ్ళీ నిలబెట్టవలసినవాడు అతడు. ఆ పని తేలికైనదని నేను అనను.

1973 జూలై 30 ఆ గవర్నరుగారి పుట్టినరోజు. ముప్ఫయ్యొకటి నిండాయి. సరిగ్గా ఆ రోజునే 'నైజీరియన్ అబ్జర్వర్' అనే పత్రికలో ఒక వార్త పడింది. రివర్స్ రాష్ట్రంలో ఉపాధ్యాయులు జీతాల విషయమై అసంతృప్తితో వున్నారనీ, మూకుమ్మడిగా రాజీనామా చేస్తామంటున్నారనీ ఆ వార్త సారాంశం. రాసినవాడు మినెరె అమాకిరి అనే విలేఖరి. వార్త అబద్ధమని ఎవరూ అనలేదు. పుట్టినరోజునాడు పడటమే నేరమయింది. గవర్నరు అంగరక్షకాధికారి ఆ విలేఖరిని పట్టి తెప్పించాడు. తల గొరిగించాడు. ఇరవైనాలుగు కొరడాదెబ్బలు కొట్టించాడు. కొట్లో వేయించాడు.

పంతుళ్ళకు జీతం చాలటంలేదు అన్న మాటకు ఇరవైనాలుగు దెబ్బలు! కొట్టించినవాడు స్వతహాగా క్రూరుడని చెప్పి తప్పుకోవచ్చు. ఏ పాలనలోనైనా క్రూరులు వుంటారు. నన్ను ఆలోచింపజేసింది అది కాదు. ఆ వార్తను ఆ కార్యాలయంవారు ఏ కంటితో చదివారన్నది ఆలోచించండి. ఒక పౌరప్రభుత్వంలో మంత్రికి ఇటువంటి వార్త చికాకు కలిగిస్తుంది. ఖండన ప్రకటన ఇస్తాడు, లేదా పత్రికాధిపతికి ఫోను చేసి నిష్ఠూరమాడతాడు. ఓడమీద పెరిగినవాడి కంటికి అది చికాకు కాదు, ధిక్కారం. ఓడమీద జీతం చాలదని నలుగురు కలిసి అన్నారంటే దానికి వున్న పేరు ఒక్కటే, తిరుగుబాటు.

ఇక్కడ మన దేశపు సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో 'తల్వార్' అనే నౌకాదళ శిక్షణాలయంలో నావికులు సమ్మెకట్టారు. మొదట వాళ్ళు అడిగింది ఏమిటి? తినటానికి పనికివచ్చే అన్నం, పప్పు. తెల్ల అధికారులు తమను బూతులు తిట్టకూడదని. కొద్ది రోజుల్లో డెబ్భైకి పైగా ఓడలకూ, వేలాది నావికులకూ అది పాకింది. కాంగ్రెసు, లీగు, కమ్యూనిస్టు జెండాలు మూడూ కలిపి ఓడలమీద ఎగరేశారు. ఆ రోజుల్లో అభ్యుదయ రచయితలు ఆ నావికుల పక్షాన కలం పట్టారు. నౌకాదళం అని మనం ఒక్క మాటలో అనేస్తాంగాని అందులో అన్నం సరిగా లేదని అనేవాడూ వున్నాడు, ఆ మాట అన్నందుకు శిక్షించేవాడూ వున్నాడు. మేడమీద మనకు పొట్లం అందించినవాడు మొదటి తరగతివాడు. గవర్నరు గద్దెమీద కూర్చోబెట్టమని నా బాబాయి కోరుతున్నది మాత్రం రెండో తరగతివాణ్ణి.

ఓడకీ రాష్ట్రానికీ మరో భేదం వుంది. ఓడ మునిగితే కెప్టెనూ మునుగుతాడు. అతని ఆజ్ఞ తప్పయితే ఆ తప్పు ఫలితం అందరికంటే ముందు అతనికే తగులుతుంది. అందుకే ఓడమీద ఆజ్ఞకు ఎదురు చెప్పకూడదన్న నియమానికి కొంత న్యాయం వుంది. రాష్ట్రంలో అట్లా కాదు. కృష్ణా కాలవలు ఎరిగినవాడికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. పై లాకు దగ్గర షట్టరు ఎంత ఎత్తాలో నిర్ణయించినవాడి పొలం శివారున వుండదు. నాగాయలంక వైపో, బంటుమిల్లి వైపో, కాలవ ఆఖరున నారు ఎండుతున్నవాడు సైకిలేసుకుని వచ్చి లస్కరుతో పోట్లాడి, పై ఆఫీసు ముందు ధర్నా చేసి, పత్రికలో రాయించి, వోటు వెయ్యనని బెదిరిస్తేగాని నీళ్ళు ఆ చివరికి చేరవు. నా బాబాయికి చికాకు తెప్పించే మీటింగులూ, అర్జీలూ ఇవే. వాటిని తీసివేస్తే పని త్వరగానే అవుతుంది, ఎగువ పొలాలవరకు.

వ్యక్తుల మంచిచెడ్డలతో ఈ వాదం నడపటం నాకు ఇష్టం లేదు. అదే నైజీరియాలో ఎన్‌డుబుయిసి కాను అనే మరో నౌకాధికారి 1976-78 మధ్య ముందు ఇమో రాష్ట్రానికీ, తరవాత లాగోసుకూ సైనిక గవర్నరుగా పనిచేశాడు. 1990ల్లో సైనికపాలనకు ఎదురు నిలిచిన ప్రజాస్వామ్య కూటమిలో ఆయనే ముందు నిలబడ్డాడు. మంచివాడే అయివుండాలి. కాని అతని మంచితనం ప్రజలు ఎన్నుకున్న మంచితనం కాదు. మంచివాడు వచ్చినా చెడ్డవాడు వచ్చినా వాళ్ళు చెయ్యగలిగింది తలవంచటమే. మన అండమాన్ నికోబార్ దీవులకు 2017లో మాజీ నౌకాదళాధిపతి జోషీగారు లెఫ్టినెంటు గవర్నరయినప్పుడు కూడా కొందరు మిత్రులు "చూశారా, మనదగ్గరా వుంది" అన్నారు. ఉద్యోగం విరమించిన అధికారి రాజ్యాంగం కింద, పార్లమెంటుకు జవాబుదారీ అయిన మంత్రివర్గం కింద పదవి చెయ్యటం వేరు. రాజ్యాంగాన్ని అటకెక్కించి యూనిఫారంతోనే గద్దె ఎక్కటం వేరు.

పోనీ యూనిఫారం అవినీతినయినా అరికడుతుందా? 1975 జూలైలో గోవన్ను మరో సైనికాధికారి కూలదోశాడు. కొత్త ప్రభుత్వం పాత గవర్నర్ల ఆస్తులమీద విచారణ జరిపించింది. పన్నెండుమందిలో పదిమంది అక్రమార్జనపరులని తేలింది. ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరిలో డీటె-స్పిఫ్ లేడు. ఆ తరవాత కాలంలో ఆయన తన వూరికి సంప్రదాయ రాజయి సింహాసనం ఎక్కాడు. నౌకాధికారి గవర్నరయి, గవర్నరు రాజయిన ఈ వరస చూస్తే భూస్వామ్యానికీ యూనిఫారానికీ మధ్య దూరం అనుకున్నంత ఎక్కువ కాదనిపిస్తుంది.

ఇంత దూరం ఎందుకు పోవాలి అని పాఠకుడు అడగవచ్చు. నిజమే. నౌకాధికారి కాకపోయినా సైనిక గవర్నరును మనవాళ్ళూ చూశారు. విజయవాడకు పొరుగునే చూశారు. అతడు వచ్చిన దారుల్లో ఒకటి మన వూరిమీదుగా వెళ్ళింది.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున యూనియన్ సైన్యాలు నిజాం సంస్థానంలో ప్రవేశించాయి. ప్రధాన దళం మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి నాయకత్వాన షోలాపూరు వైపునుంచి వెళ్ళింది. రెండో దళం రుద్ర అనే సేనాని కింద బెజవాడనుంచి వెళ్ళింది. నందిగామ దాటి ఆ వుదయమే కోదాడ చేరారు, మధ్యాహ్నానికి మునగాల. నాలుగువైపులా నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా. ఆ పరగణా రైతులు తమ జిల్లానుంచే బయలుదేరిన సైన్యం తమ వూరిమీదుగా పోవటం చూశారు. సూర్యాపేట దగ్గర మూసీవంతెనను నిజాం సైన్యం పేల్చివేసింది. అయినా అయిదు రోజుల్లో అంతా ముగిసిపోయింది.

బెజవాడ ఆనందించింది. ఆ ఆనందం బూటకం కాదు. అంతకుముందు ఏడాదిపొడుగునా రజాకార్ల బాధ పడలేక తెలంగాణంనుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటలు నెత్తిన పెట్టుకుని మధిర దారిన, జగ్గయ్యపేట దారిన బెజవాడకు వచ్చాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునేవారు, ఆ ఏడు ఏ పూటా వండిన అన్నం ఇంటివాళ్ళకు మాత్రమే సరిపోయేట్టు వండలేదని. అటువంటి జనం సైనికుల లారీలకు ఎదురువెళ్ళి కొబ్బరికాయలు కొట్టారంటే తప్పుపట్టగల మొనగాడెవడు?

సెప్టెంబరు 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు. ఆనాటినుంచి 1949 ఆఖరువరకు, పదిహేను నెలలకు పైగా, చౌదరి హైదరాబాదు సైనిక గవర్నరు. ఇక్కడొక చమత్కారం వుంది. ఆ గవర్నరుకు అధికారం ఎక్కడినుంచి వచ్చింది? ఓడిపోయిన నిజాం ఇచ్చిన ఫర్మానాలోంచి! నిన్నటిదాకా ప్రజలమీద వున్న సర్వాధికారాన్నీ నవాబు ఒక కాగితంమీద సంతకం చేసి సైనికుడికి అప్పగించాడు. ప్రజలు ఆ కాగితంలో ఎక్కడా లేరు. నవాబు మాత్రం వున్నాడు. రాజప్రముఖుడయ్యాడు, ఏటా 50 లక్షల రాజభరణం పుచ్చుకున్నాడు, 1956దాకా ఆ హోదాలో కొనసాగాడు.

చౌదరి చేసిన మంచి చెప్పకపోతే నా మాటకు విలువ వుండదు. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. తరతరాలుగా తమ సొంత కోర్టులు, సొంత పోలీసులు పెట్టుకుని వేలాది గ్రామాలను ఏలిన జాగీర్దార్ల అధికారం ఒక్క కలంపోటుతో పోయింది. ఏ శాసనసభలోనూ చర్చ లేదు, సవరణ లేదు, జమీందారీల రద్దుకు మద్రాసు శాసనసభలో జరిగినంత లాగుడూ పీకుడూ లేదు. నా బాబాయి ఈ ఉదాహరణ ఎరిగివుంటే నన్ను ఒక ఆట ఆడించేవాడు.

కాని అదే పాలన అదే సంవత్సరంలో మరో పని కూడా చేసింది. నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో పేదరైతులు అంతకుముందే దేశముఖుల అక్రమభూములను పంచుకుని దున్నుకుంటున్నారు. వెట్టి మానేశారు. సైన్యం వచ్చాక పారిపోయిన దేశముఖులు దాని నీడన తిరిగి వూళ్ళకు వచ్చారు. దున్నేవాడి చేతిలోని భూమి మళ్ళీ పోయింది. వేలమంది జైళ్ళకు వెళ్ళారు. అడవి అంచున వున్న కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలారు. జాగీరు రద్దుకు సైనిక గవర్నరుకు ఏ శాసనసభ అనుమతీ అక్కరలేకపోయింది, నిజమే. పంచుకున్న భూమిని లాగివేసేటప్పుడూ అక్కరలేకపోయింది. త్వరగా చెయ్యగల చెయ్యి రెండువైపులా త్వరగానే చేస్తుంది. మొదటిదాన్ని పొగిడేవారు రెండోదాన్ని లెక్కలోకి తీసుకోరు.

మరో విషయం. దీన్ని గురించి మన డెల్టాలో ఈనాటికీ మాట్లాడటానికి సందేహిస్తారు. పోలీసు చర్య జరిగిన కొద్ది వారాలకే సంస్థానపు పడమటి జిల్లాల్లో, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు ప్రాంతాల్లో, ముస్లిము ప్రజలమీద ఘోరమైన హత్యాకాండ జరిగింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులను ప్రభుత్వమే విచారణకు పంపింది. 1948 ఆఖరులో వాళ్ళు వూరూరా తిరిగారు. చనిపోయినవారు 27 వేలకూ 40 వేలకూ మధ్య వుంటారని జాగ్రత్తగా లెక్కకట్టి నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక బయటికి రాలేదు. ఢిల్లీలో పరిశోధకులకు అది అందుబాటులోకి రావటానికి 2013 దాకా పట్టింది, అరవై అయిదు సంవత్సరాలు! రజాకార్ల బాధితులకు అన్నం వండిపెట్టిన బెజవాడకు, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ఆ సామాన్య ముస్లిముల చావు సంగతి ఎవరు చెప్పాలి? శాసనసభ వుంటే ఒక సభ్యుడైనా లేచి ప్రశ్న వేసేవాడు. సమాధానం అబద్ధమే కావచ్చు. అయినా ప్రశ్న రికార్డులో వుండేది.

ఇక న్యాయస్థానాలు. సైనిక గవర్నరు రెగ్యులేషన్ కింద ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఏర్పడ్డాయి. అవి తెలంగాణ రైతులకు ఉరిశిక్షలు వేశాయి. హైదరాబాదు హైకోర్టు 1949 డిసెంబరులో అప్పీళ్ళు కొట్టివేసింది. వాళ్ళ పక్షాన వాదించటానికి ఇంగ్లండునుంచి డి. ఎన్. ప్రిట్ అనే సుప్రసిద్ధ న్యాయవాది వచ్చాడు. సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు తాత్పర్యం ఏమిటంటే: ఈ శిక్షలు 1950 జనవరి 26కు ముందే ఖాయమయినవి, రాజ్యాంగం అప్పటికి పుట్టలేదు, కనుక అప్పీలు వినే అధికారం మాకు లేదు. కొద్దివారాల తేడాలో మనుషుల ప్రాణాలు రాజ్యాంగం గుమ్మం బయట వుండిపోయాయి. దేశంలోనూ విదేశాల్లోనూ ఆందోళన జరిగాక ఆ వురిశిక్షలు యావజ్జీవాలుగా మారాయి. న్యాయం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో నైజీరియా మనకంటే నయమనిపించుకుంది. అమాకిరి దావా వేస్తే పోర్ట్ హార్‌కోర్ట్ జడ్జి ఒకాయన, సైనిక గవర్నరు ఇంకా గద్దెమీద వుండగానే, 10,750 నైరాలు నష్టపరిహారం ఇప్పించాడు.

సైనికపాలనవల్ల డెల్టాకు ఏమీ ఒరగలేదా అంటే, ఒరిగింది. చౌదరి పాలనలో మద్రాసునుంచి, బొంబాయినుంచి, మధ్యరాష్ట్రాలనుంచి అధికారులను తెచ్చి హైదరాబాదు ఆఫీసులు నింపారు. ఇంగ్లీషూ తెలుగూ వచ్చిన కృష్ణా గుంటూరు కుర్రవాళ్ళకు గుమాస్తా, పంతులు ఉద్యోగాలు దొరికాయి. ఉర్దూలో చదువుకున్న స్థానికుడు వరండాలో నిలబడ్డాడు. మన ఇళ్ళల్లో అది అదృష్టంగా చెప్పుకున్నారు. తెలంగాణంలో దాన్ని ఏమని చెప్పుకున్నారో 1952 సెప్టెంబరులో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర ముల్కీ విద్యార్థులమీద తుపాకులు పేలినప్పుడుగాని మనవాళ్ళ చెవిన పడలేదు. ఆ వ్యవహారం అక్కడితో ముగియలేదని 1969 చెప్పింది, 2014 చెప్పింది.

ఇంతవరకు చదివిన మిత్రుడు ఒక గట్టి ఆక్షేపణ తెస్తాడని నాకు తెలుసు. సైనిక గవర్నరు హైదరాబాదులో వున్నాడు సరే, అదే సమయంలో కృష్ణా జిల్లాలో ఏం జరిగింది? ఇక్కడ సైనికపాలన లేదు. మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం వుంది, శాసనసభ వుంది. అయినా 1949 జూలైలో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మలబారు స్పెషల్ పోలీసులు కమ్యూనిస్టుల కోసమని వచ్చి వూరివాళ్ళను చితకబాది, బట్టలు విప్పించి, గాంధీ విగ్రహం దగ్గర దిగంబరంగా నడిపించారు. పోర్ట్ హార్‌కోర్ట్‌లో విలేఖరి తల గొరిగించటానికీ దీనికీ ఏమిటి తేడా? సాయుధ పోలీసు యూనిఫారమూ యూనిఫారమే. మనిషి శరీరాన్ని అవమానించి నోరు మూయించటమనే విద్య రెండుచోట్లా ఒకటే.

ఆక్షేపణ సరైనదే. ఆ రోజు ఆ వూళ్ళవాళ్ళకు మంత్రివర్గం ఒరగబెట్టింది ఏమీ లేదు. మంత్రివర్గమే పంపిన పోలీసులు గదా వాళ్ళు! వోటు హక్కు కొరడాదెబ్బను గాలిలో ఆపదు.

కాని కథ 1949లో ఆగలేదు. 1952 జనవరి ఎన్నికల్లో కృష్ణా డెల్టా పల్లెల్లో జనం బారులు తీరి నిలబడ్డారు. మొదటిసారి వయోజన వోటు. భూమి లేనివాడికీ వోటు, పన్ను కట్టనివాడికీ వోటు, దిగంబరంగా నడిపించబడ్డవాడికీ వోటు. కృష్ణా జిల్లాలో కాంగ్రెసు చావుదెబ్బ తిన్నది. నిన్నటిదాకా అజ్ఞాతంలోనో జైల్లోనో వున్నవాళ్ళు శాసనసభకు వెళ్ళారు. 375 స్థానాల మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. కాటూరు ఘటన నాటికి మద్రాసు ముఖ్యమంత్రిగా వున్న కుమారస్వామి రాజా సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయాడు. సైనిక గవర్నరు ఏలిన నల్లగొండలో రావి నారాయణరెడ్డి పార్లమెంటుకు నెహ్రూకంటే ఎక్కువ వోట్లతో గెలిచాడు. చౌదరికి మాత్రం ఎవరూ వోటు వెయ్యలేదు, ఎవరూ ఓడించనూ లేదు. ఆయన సైన్యంలోకి తిరిగి వెళ్ళి, 1962లో సర్వసేనాధిపతి అయ్యాడు.

రివర్స్ రాష్ట్రం పంతుళ్ళకు బారులో నిలబడే రోజు 1979లో వచ్చింది. డీటె-స్పిఫ్ తరవాత మరికొందరు సైనిక గవర్నర్లు మారాక, ఆ ఏడు వాళ్ళు మొదటిసారి తమ గవర్నరును తాము ఎన్నుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1983 డిసెంబరు 31న, రేడియోలో సైనికాధికారి కంఠం మళ్ళీ వినిపించింది.